ఇత్తడి పంపు స్టవ్ ఊరికే పేలదండి!

మన గోదారి జిల్లాల్లో పాత పెంకుటిల్లు విప్పుతున్నారంటే అటక మీంచి ఇత్తడి సామాను దిగుద్దండి. చిలుం పట్టిన బిందెలు, గంగాళాలు, వాటి మధ్యలో ఎక్కడో మూడు కాళ్ళ పంపు స్టవ్. బిందెలు తోమించి ఇంట్లో పెట్టుకుంటారు. గంగాళంలో నీళ్ళోసి, పూలేసి గుమ్మంలో పెడతారు. స్టవ్ మాత్రం సూటిగా పాత సామాన్లోడి కాటాలోకి పోద్ది. "అమ్మో, అది పేలుద్ది, ఇంట్లో వద్దు" అంటారు పెద్దోళ్ళు. కిలో లెక్కన దాని కథ ముగిసిపోద్ది.

నిజంగా పేలుద్దా? పేలితే ఎప్పుడు పేలుద్ది? అసలు ఆ మాట మన ఇళ్ళలో అంతగా ఎలా పాతుకుపోయింది? వీటికి జవాబు కావాలంటే దాన్ని ఓసారి విప్పి, బాగుచేసి చూడాలి. దానికి ఇంజనీరింగు చదవక్కర్లేదు. సైకిలు పంక్చరు వేయడం దగ్గరుండి చూసినోళ్ళకి సగం పని వచ్చినట్టే. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ అటక మీద కూడా ఒకటుంటే అమ్మేముందు ఇది చదవండి.

ఎక్కడిదీ స్టవ్?

1892లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ అనే మెకానిక్ ఈ రకం స్టవ్ తయారుచేశాడు. దానికి ప్రైమస్ అని పేరు పెట్టారు. అప్పటిదాకా ఉన్న కిరసనాయిలు స్టవ్‌లు ఎక్కువగా వత్తి స్టవ్‌లే. మసి, పొగ, వాసన. లిండ్‌క్విస్ట్ వత్తినే తీసేశాడు. కిరసనాయిల్ని ముందు ఆవిరి చేసి, ఆ ఆవిరిని మండించాడు. దాంతో మసి పోయి నీలం మంట వచ్చింది. 1911లో అముండ్‌సెన్ దక్షిణ ధ్రువానికి వెళ్ళినప్పుడు మంచు కరిగించి నీళ్ళు కాచుకున్నది ప్రైమస్ మీదే. 1953లో టెన్సింగ్, హిల్లరీ ఎవరెస్టు ఎక్కిన యాత్రలోనూ ప్రైమస్ స్టవ్‌లు ఉన్నాయి.

ప్రైమస్‌తో పాటు ఆప్టిమస్, రేడియస్ లాంటి స్వీడన్ కంపెనీలు కూడా ఇలాంటివే చేశాయి. మన దేశంలో కూడా తయారీ మొదలైంది. మహారాష్ట్రలో కరాడ్ దగ్గర ఓగలేవాడిలో ఉన్న ఓగలే గ్లాస్ వర్క్స్ వాళ్ళు 'ప్రభాత్' పేరుతో లాంతర్లు, స్టవ్‌లు చేశారు. మీ స్టవ్ ట్యాంకు మీద, మూత మీద జాగ్రత్తగా చూడండి. చిలుం కింద ఇలాంటి పేరేదో ఒకటి గుద్ది ఉంటది.

ఒక తేడా ముందే గమనించండి. అమ్మమ్మలు కిరసనాయిలు స్టవ్ అంటే రెండు రకాలు. వత్తులుండే రేకు స్టవ్ ఒకటి. పంపు కొడితే బుస్సుమని మండే ఇత్తడి స్టవ్ రెండోది. మనం మాట్లాడేది రెండోదాని గురించి.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చి డ్వాక్రా మహిళలకి గ్యాస్ కనెక్షన్లు ఇవ్వడం మొదలెట్టాక, తర్వాత 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చాక, ఈ స్టవ్‌లు అటకెక్కేశాయి. అది మంచికే. రోజూ పంపు కొట్టి, పిన్ను గుచ్చి, కిరసనాయిలు క్యూలో నిలబడిన ఆడవాళ్ళ కష్టం తక్కువది కాదు. మళ్ళీ దాని మీద వండుకోమని ఎవరూ చెప్పట్లేదు. ఆ యంత్రం ఏంటో తెలుసుకోమని చెప్తున్నానంతే.

ఇది పనిచేసే తీరు

స్టవ్‌లో నాలుగు భాగాలు చూడండి చాలు: ట్యాంకు, పంపు, బర్నరు, బర్నరు కొస మీద ఉండే సన్న చిల్లు. ఆ చిల్లున్న ముక్కని నిపిల్ అంటారు.

ట్యాంకులో ముప్పావు వంతు కిరసనాయిలు, పైన కాస్త గాలి. పంపు కొడితే ఆ కాస్త జాగాలోకి ఇంకొంచెం గాలి దూరుద్ది. ఇరుకైన గాలి బయటికి పోవాలని చూస్తది. దానికి దారి లేదు కాబట్టి కిరసనాయిల్ని నెట్టుద్ది. కిరసనాయిలు మధ్య గొట్టంలోంచి బర్నరులోకి ఎక్కుద్ది. బర్నరు అప్పటికే వేడిగా ఉంటే అది అక్కడే ఆవిరైపోద్ది. ఆ ఆవిరి నిపిల్ చిల్లులోంచి బుస్సుమని దూసుకొస్తూ చుట్టూ ఉన్న గాలిని తనతో లాక్కెళ్ళుద్ది. గాలి, ఆవిరి బాగా కలిసి మండితే నీలం మంట. మంట వేడి మళ్ళీ బర్నరుకే తగులుద్ది కాబట్టి తర్వాత వచ్చే కిరసనాయిలు కూడా ఆవిరవుతూనే ఉంటది. ఒకసారి అంటుకుంటే తనని తానే నడుపుకుంటది.

ఇందులో కిటుకు ఒక్కటే. మొదటిసారి బర్నర్ని ఎవరో ఒకరు వేడి చేయాలి. బర్నరు కింద చిన్న గిన్నె లాంటి పళ్ళెం ఉంటది చూడండి, అది దానికే. అందులో స్పిరిట్ పోసి వెలిగించి, అది అయిపోవచ్చేదాకా ఆగాలి. తొందరపడి ముందే పంపు కొడితే ఆవిరి బదులు పచ్చి కిరసనాయిలే పైకి చిమ్ముద్ది. మంట మనిషెత్తు లేస్తది. చాలా ఇళ్ళలో "స్టవ్ పేలింది" అని అరిచింది ఈ మంట చూసే. అక్కడ పేలిందేమీ లేదు. వేడెక్కకముందే కొట్టారంతే.

ఇంకో మాట. ఈ స్టవ్‌లో ఉండే గాలి ఒత్తిడి మీ సైకిలు టైరులో ఉండేదాని కంటే తక్కువే. టైరు పక్కన కూర్చోడానికి మనం భయపడం కదా. స్టవ్‌లో భయపడాల్సింది గాలికి కాదు, ఆ గాలి వెనకాల ఉన్న కిరసనాయిలుకి, దాని పక్కనే ఉన్న నిప్పుకి.

చేతిలోకి తీసుకోగానే చూడాల్సినవి

ముందు మూత విప్పి వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తే ఆ స్టవ్‌ని ఎవరో తప్పుగా వాడారని లెక్క. లోపల ఉన్నది మొత్తం ఆరుబయట, నిప్పుకి దూరంగా వంపేయాలి.

తర్వాత తిరగేసి అడుగు చూడండి. చాలా స్టవ్‌ల అడుగు లోపలికి వంగి ఉంటది. అది బయటికి ఉబ్బి, స్టవ్ నేల మీద ఊగుతుంటే ఎప్పుడో లోపల ఒత్తిడి హద్దు దాటిందని అర్థం. అలాంటిది అద్దాల బీరువాలోకి పనికొస్తది, మంటకి పనికిరాదు. చిన్న చిన్న సొట్టలకి మాత్రం భయం లేదు. వాటిని సుత్తితో సరిచేయబోతే ఉన్న బలం కూడా పోద్ది, వదిలేయండి.

మూడోది పగుళ్ళు. ఇక్కడ మన దేశానికే చెందిన కథ ఒకటుంది. బ్రిటిష్ సైన్యం ఇండియాలో తూటాల ఇత్తడి గొట్టాలు గుర్రపుశాలల్లో దాచేది. వానాకాలం వచ్చేసరికి అవి వాటంతటవే పగిలిపోయేవి. వానాకాలంలో వస్తుంది కాబట్టి దీనికి 'సీజన్ క్రాకింగ్' అని పేరు పడింది. అసలు కారణాన్ని 1921లో శాస్త్రవేత్తలు వివరించారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, గాలిలో తేమ, సాగదీసి చేసిన ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిసి లోహాన్ని చీల్చేస్తున్నాయి.

మన డెల్టాలో తేమకి కొదవా? గొడ్ల సావిట్లో, యూరియా బస్తాల పక్కన ఏళ్ళ తరబడి పడున్న ఇత్తడి స్టవ్‌కి ఈ రోగం రావడానికి అన్ని హంగులూ ఉన్నాయి. పంపు గొట్టం చుట్టూ, మూత మెడ దగ్గర, అడుగు అతుకు దగ్గర వెంట్రుక లాంటి గీతలు ఉన్నాయేమో భూతద్దం పెట్టి చూడండి. ఇంకో జాగ్రత్త కూడా. కొన్ని పాలిష్ ద్రావకాల్లో అమోనియా ఉంటది. సీసా మీద చదివి, ఉంటే పక్కన పెట్టేయండి.

తోమడం

చింతపండు ఉండగా వేరే మందెందుకండి? మన ఆడవాళ్ళు తరాలుగా ఇత్తడి తోమింది దాంతోనే. చింతపండులో ఉండే పులుపు చిలుముని కరిగిస్తది. పిసికిన గుజ్జు పూసి, పది నిమిషాలాగి, మెత్తటి పీచుతో రుద్ది, బాగా కడిగి ఎండలో ఆరబెట్టండి. రాత్రంతా నానబెడితే ఇంకా మెరుస్తదనుకోవద్దు. ఇత్తడి అంటే రాగి, జింకు కలిపిన లోహం. పులుపులో ఎక్కువసేపు ఉంటే పైపైన జింకు పోయి రాగి మిగులుద్ది. పసుపుపచ్చగా ఉండాల్సింది గులాబీ రంగుకి తిరిగిందంటే ఎక్కువైపోయినట్టు.

గరుకు కాగితం, గ్రైండర్ చక్రం జోలికి పోకండి. ట్యాంకు రేకు పలచన. దాన్ని అరగదీస్తే మెరుపు వస్తది, బలం పోద్ది. గుద్దిన పేరు కూడా చెరిగిపోద్ది. ఆ పేరు పోయిన స్టవ్‌కి సేకరించేవాళ్ళ దగ్గర విలువ సగం పడిపోయినట్టే.

లోపల పాత కిరసనాయిలు బంక కట్టి ఉంటది. కొంచెం కొత్త కిరసనాయిలు పోసి, సన్నటి గొలుసు ఒకటి లోపలికి వదిలి, ఒక కొస బయట పట్టుకుని ఊపండి. గొలుసు లోపల బంకని గీకేస్తది, పనయ్యాక మొత్తంగా బయటికి వచ్చేస్తది. గులకరాళ్ళు వేస్తే ఒకటో రెండో లోపలే ఉండిపోతాయి.

మార్చాల్సినవి నాలుగే

మొదటిది పంపు తోలు. పంపు కాడ చివర గిన్నె ఆకారంలో ఉండే తోలు వాషరు ఇది. ఎండిపోయి గట్టిపడితే పంపు కొట్టినా గాలి లోపలికి వెళ్ళదు. మరీ చినగకపోతే నూనెలో ఓ రాత్రి నానబెడితే మెత్తబడుద్ది. చినిగితే సైకిలు పంపు తోలు కొలత సరిపోద్దేమో చూడండి. లేదంటే చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర కత్తిరించుకోవచ్చు. గిన్నె నోరు ట్యాంకు వైపుకే ఉండాలి. తిరగేసి పెడితే ఎంత కొట్టినా ఫలితం ఉండదు.

రెండోది పంపు గొట్టం అడుగున ఉండే చిన్న వాల్వు. గాలిని లోపలికి పోనిస్తది, వెనక్కి రానివ్వదు. అందులో బుల్లి స్ప్రింగు, దాని కొసన కార్కు ముక్కో రబ్బరు ముక్కో ఉంటది. పంపు కొట్టి వదిలేశాక కాడ దానంతటదే పైకి లేస్తుంటే ఆ ముక్క అయిపోయినట్టే. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అది కారితే కిరసనాయిలు పంపులోంచి మన చేతి దగ్గరికే వస్తది. చాలామంది చేసే తప్పు ఏంటంటే సైకిలు ట్యూబు ముక్క కోసి పెట్టేస్తారు. ట్యూబు రబ్బరు కిరసనాయిల్లో ఉబ్బిపోద్ది. ఆయిల్ సీళ్ళు చేసే నైట్రైల్ రబ్బరు వాడాలి. మోటారు స్పేర్ పార్టుల షాపులో అడిగితే దొరుకుద్ది.

మూడోది సీసం వాషర్లు. బర్నరు, గొట్టం కలిసే చోట ఇవి ఉంటాయి. పాతవి నలిగిపోయి ఉంటాయి, ఒకసారి విప్పితే కొత్తవి వేయాల్సిందే. సీసం విషం కాబట్టి పనయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి, చిన్నపిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. మూత కింద ఉండే రబ్బరు వాషరు కూడా ఇప్పుడే మార్చేయండి.

నాలుగోది నిపిల్. దాని చిల్లు మిల్లీమీటరులో ఇంచుమించు మూడో వంతు. రేకు ముక్క చివర సన్న తీగ అతికించిన పిన్ను గుర్తుందా, అది ఈ చిల్లు కోసమే. ఏళ్ళ తరబడి వంకరగా గుచ్చీ గుచ్చీ చిల్లు పెద్దదైపోయి ఉంటే ఎంత వేడి చేసినా మంట పసుపుగానే వస్తది, గిన్నెకి మసి పట్టుద్ది. అప్పుడు నిపిల్ మార్చాలి. గుండుసూది, సైకిలు చువ్వ లాంటివి పెట్టి పొడవకండి.

ట్యాంకు అతుకు దగ్గర కారుతుంటే మాత్రం అది మన పని కాదు. మాటు వేయడం తెలిసినోళ్ళకే ఇవ్వాలి. ఇత్తడికి పేరున్న ఊరు మనకి దగ్గర్లోనే ఉంది కదండి. పెరవలి మండలం అజ్జరంలో ఇత్తడి పనే బతుకుగా ఉన్న కుటుంబాలున్నాయి. ఎవరికిచ్చినా ఒక మాట చెప్పి ఇవ్వండి: లోపల ఎప్పుడో కిరసనాయిలు ఉందని. ఖాళీ ట్యాంకు అనుకుని నిప్పు చూపిస్తే లోపల మిగిలిన ఆవిరి భగ్గుమంటది. సబ్బునీళ్ళతో పలుమార్లు కడిగి, నీళ్ళు నింపి ఉంచాకే మాటు వేయాలి.

వెలిగించే ముందు నీళ్ళతో పరీక్ష

పంక్చరు షాపులో ట్యూబుని నీళ్ళలో ముంచి బుడగలు చూస్తారు కదా. ఇక్కడా అదే, కాకపోతే రెండు అంచెల్లో.

మొదట ట్యాంకు నిండా నీళ్ళు పోసి, పైన కొంచెమే గాలి ఉంచి, మూత బిగించి పంపు కొట్టండి. నీళ్ళు ఎందుకంటే, నీరు గాలిలా నలగదు. ఒకవేళ అతుకు విడిపోయినా నీళ్ళు చిమ్ముతాయి గానీ రేకు ఎగిరి మీద పడదు. అరగంట ఆగి, ఎక్కడైనా చెమ్మ వచ్చిందేమో వేలితో తడిమి చూడండి.

ఆ పరీక్షకి నిలబడితే నీళ్ళు వంపేసి, కొద్దిగా పంపు కొట్టి, బకెట్టు నీళ్ళలో ముంచండి. మూత దగ్గర, గాలి స్క్రూ దగ్గర, గొట్టం మొదట్లో బుడగ వచ్చిందంటే పని ఇంకా మిగిలుంది. ఒక్క బుడగే కదా అనుకోవద్దు. నీళ్ళలో బుడగైనది మంట దగ్గర మంటే అవుద్ది.

ఈ మాట కోనసీమోళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. గ్యాస్ లీకవుతోందని ముందు నుంచీ ఊరోళ్ళు చెబుతూనే ఉన్నారని అప్పుడు వార్తలొచ్చాయి. పైపులైనైనా, స్టవ్ అయినా లీకు అన్నది ముందే చెప్పే మాట. వినేవాళ్ళు కావాలి.

అన్నీ సరిపోయాక ఆరుబయట, గట్టి నేల మీద, పక్కన పెద్దోళ్ళు ఒకరు ఉండగా వెలిగించండి. తడిపిన గోనెసంచి చేతికందేలా పెట్టుకోండి. స్పిరిట్ పోసి వెలిగించేటప్పుడు గాలి స్క్రూ వదులుగా ఉండాలి. స్పిరిట్ అయిపోవస్తుంటే స్క్రూ బిగించి రెండు మూడు సార్లు పంపు కొట్టండి. నీలం మంట నిలబడ్డాక ఇంకొంచెం కొట్టండి. పసుపు మంట లేస్తే స్క్రూ వదిలేయండి. గాలి పోద్ది, మంట కూర్చుంటది. అప్పటికీ అదుపులోకి రాకపోతే తడి గోనె కప్పండి. నీళ్ళు మాత్రం పోయకండి, కిరసనాయిలు నీళ్ళ మీద తేలి మంటని మోసుకెళ్ళుద్ది.

ఇంకో జాగ్రత్త. కిరసనాయిల్ని కూల్‌డ్రింకు సీసాలో పోసి పెట్టొద్దు. పిల్లలు నీళ్ళనుకుని తాగేస్తారు. పొరపాటున తాగితే కక్కించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కక్కిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది.

మరి పేలేది ఎప్పుడు?

ఇంత విప్పి చూశాం కాబట్టి ఇప్పుడు సూటిగా చెప్పుకోవచ్చు. ఈ స్టవ్‌తో పెద్ద ప్రమాదం జరిగే దారులు కొన్నే. మండుతుండగానో, వేడి తగ్గకముందో మూత విప్పి కిరసనాయిలు పోయడం ఒకటి. కిరసనాయిలు బదులు పెట్రోలు పోయడం, కలపడం రెండోది. కిరసనాయిలు మామూలు వేడికి అంత తేలిగ్గా అంటుకోదు. పెట్రోలు మంచు గడ్డకట్టే చలిలో కూడా అంటుకుంటది. చిన్న స్టవ్ మీద బాగా వెడల్పాటి గిన్నె పెట్టి, వేడి కిందకి తిరగ్గొట్టి ట్యాంకే కాలిపోయేలా చేయడం మూడోది. కారుతున్న వాల్వుని, పగిలిన అతుకుని పట్టించుకోకపోవడం నాలుగోది.

ఇవన్నీ నిజంగా జరిగాయి. వీటివల్ల ఎందరో కాలిపోయారు, కాదనట్లేదు. కానీ నిజంగా పేలిన స్టవ్‌ని చూస్తే గుర్తు ఉంటది. అతుకు విచ్చుకుని ఉంటది, లేదా మూత ఊడి ఎగిరిపోయి ఉంటది, లేదా అడుగు ఉబ్బి ఉంటది. పక్కన ఉన్న గోడకి, పైకప్పుకి మసి ఉంటది. స్టవ్ నున్నగా మూల కూర్చుని ఉండి, మనిషి మాత్రం తల నుంచి కాలిపోతే, అక్కడ పేలింది స్టవ్ కాదు.

తెలిసే ఉంటది ఎటు వెళ్తున్నానో. మన పెద్దోళ్ళ తరంలో "వంట చేస్తుంటే స్టవ్ పేలింది" అన్న ఒక్క లైనుతో పేపర్లో ఎన్ని వార్తలొచ్చాయో! చనిపోయింది చాలాసార్లు కొత్త కోడలే. 1970ల చివర్లో, 80ల్లో దేశమంతా మహిళా సంఘాలు రోడ్డెక్కి ఇదే అడిగాయి. స్టవ్‌లకి కోడళ్ళెవరో, అత్తలెవరో ఎలా తెలుసు? అదే వంటింట్లో అదే స్టవ్ దగ్గర అత్తగారూ వండుద్ది, ఆడపడుచూ వండుద్ది. పేలేది మాత్రం కట్నం బాకీ ఉన్న పిల్ల మీదేనా?

ఆ పోరాటాల వల్లే చట్టాలు మారాయి. వరకట్న నిషేధ చట్టం 1961 నుంచీ ఉన్నా అది సరిపోలేదు. 1983లో భారత శిక్షాస్మృతిలో 498ఏ వచ్చింది, భర్తా అత్తింటివాళ్ళూ పెట్టే హింస నేరమైంది. 1986లో 304బీ వచ్చింది. పెళ్ళయిన ఏడేళ్ళలోపు స్త్రీ కాలిన గాయాలతోనో, మామూలుగా కాని పరిస్థితుల్లోనో చనిపోయి, అంతకుముందు కట్నం కోసం వేధించారని తేలితే దాన్ని వరకట్న మరణంగా చూస్తారు. శిక్ష ఏడేళ్ళకి తగ్గదు, యావజ్జీవం దాకా ఉంటది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చాక ఇవే 85, 80 సెక్షన్లయ్యాయి.

ఇక్కడ ఆగి ఒక్కటి ఆలోచించండి. స్టవ్‌లు అటకెక్కి చాలా ఏళ్ళయింది. ఇంటింటికీ గ్యాస్ వచ్చింది. నేరం స్టవ్‌దే అయితే వరకట్న చావులు కూడా దాంతోపాటే అటకెక్కాలి కదా? జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో 2022లో కూడా దేశంలో 6,000కి పైగా వరకట్న మరణాలు నమోదయ్యాయి. స్టవ్ పోయింది, చావులు పోలేదు. పోయింది సాకు ఒక్కటే. ఆ సాకు స్థానంలో ఇప్పుడు వేరే మాటలు వచ్చాయి. కాలు జారిపడింది, గ్యాస్ లీకైంది, కడుపునొప్పి తట్టుకోలేకపోయింది.

అందుకే ఈ యంత్రం ఎలా పనిచేసుద్దో మీకు తెలియాలంటున్నాను. తెలియని వస్తువు మీద ఏ నిందైనా వేయొచ్చు. తెలిసిన వస్తువు మీద వేస్తే పక్కనోడు అడుగుతాడు: "ఏదీ, స్టవ్ చూపించు. అతుకు ఎక్కడ విడిందో చూపించు" అని. ఊళ్ళో అలా అడిగేవాళ్ళు నలుగురుంటే, ఒక్క లైనుతో ఫైలు మూసేయడం అంత తేలిక కాదు. మీ చుట్టుపక్కల ఏ ఆడపిల్లైనా వేధింపులో ఉందని తెలిస్తే 181 మహిళా హెల్ప్‌లైను ఉంది, అత్యవసరమైతే 112 ఉంది. చచ్చిపోయాక స్టవ్ చూడ్డం కంటే బతికుండగా ఫోన్ చేయడం మేలు.

అమ్మాలా, ఉంచాలా?

పాత సామాన్లోడి లెక్కలో ఇది కిలోన్నరో, రెండు కిలోలో ఇత్తడి. కరిగించేస్తే బిందె మూత అవుద్ది. బాగుచేస్తే ఒక పని నేర్పుద్ది. గాలి ఎలా నెట్టుద్దో, ద్రవం ఎలా ఆవిరవుద్దో, వాల్వు ఎలా ఒకే దారి చూపుద్దో బడి పుస్తకంలో బొమ్మలేసి చెప్పిందంతా ఇందులో చేత్తో పట్టుకుని చూడొచ్చు. వరి చేలకి మందు కొట్టే చేతి పంపు స్ప్రేయరు కూడా ఇదే సూత్రం, అదే వాల్వు, అదే వాషరు. ఇది బాగుచేసినోడికి అది బాగుచేయడం కష్టం కాదు. పాత పెట్రోమాక్స్ లైట్లు ఇంట్లో ఉంటే వాటికీ ఈ విద్యే పనికొస్తది.

సేకరించేవాళ్ళు కూడా ఉన్నారు. పేరు చెరగని, సొంత భాగాలతో ఉన్న, కారకుండా మండే స్టవ్‌కి కాటా ధర కంటే మంచి ధర వస్తది. అమ్మేటప్పుడు మాత్రం నిజం చెప్పి అమ్మండి. ఏది మార్చారు, పరీక్షకి నిలబడిందా లేదా, అడుగు ఉబ్బిందా అన్నది కాగితం మీద రాసి ఇవ్వండి. మంటకి పనికిరానిదైతే నిపిల్ తీసేసి, షోకేసులోకి మాత్రమే అని చెప్పి ఇవ్వండి. అవతలి ఇంట్లో కూడా పిల్లలుంటారు.

అటక ఎక్కే ముందు ఇంకో పని. ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే దగ్గర కూర్చోండి. పంపు ఎన్నిసార్లు కొట్టేది, పిన్నులు ఎక్కడ కొనేది, వానాకాలం ఎలా నెట్టుకొచ్చేది, అన్నీ చెప్తాది. చెప్పేటప్పుడు ఎక్కడో ఓ చోట "ఫలానా వాళ్ళ కోడలికి స్టవ్ పేలింది" అన్న మాట వస్తది. అప్పుడు మాట మార్చకండి. నెమ్మదిగా అడగండి: "నాయనమ్మా, ఆ స్టవ్ ఎవరైనా చూశారా?"